మొఆయి అప్పు కాదు

ఫిబ్రవరి 6, సోమవారం

చనిపోయిన పెద్దల పేరు పలకల ముందు టీ మార్చడం, వంటింట్లో పొయ్యి దేవుడికి నీళ్లు, ఉప్పు. ఉతుకు రెండు విడతలు. స్నానాల గది బూజు తోమడం. ముల్లంగి, టోఫు కూర. ఎత్తని ఫోన్లు ఏడు.

పోస్టు బండి పదకొండు దాటాక వచ్చింది. మలుపులో ఆ చప్పుడు వినబడగానే నా చేతులు చేస్తున్న పని ఆపేస్తాయి. పక్కింటి ముందు ఆగితే ప్రాణం లేచివస్తుంది. ఇవాళ మా గేటు ముందే ఆగింది. మూడు కవర్లు. విప్పలేదు. బియ్యం డబ్బా వెనక పెట్టాను. అవి అక్కడుంటాయని మా ఆయనకీ తెలుసు. ఇద్దరం ఆ డబ్బా వైపు చూడకుండా అన్నం తిన్నాం.

ఫిబ్రవరి 9, గురువారం

ఉతుకు ఒక విడత. ఇల్లు ఊడవలేదు. నాహా పట్నం వెళ్లిరావడానికి బస్సు.

లాయరు దగ్గరికి వెళ్లాం. అడిగి తెలుసుకోవడానికే. మొదటిసారి అడిగితే డబ్బు తీసుకోరని బయట బోర్డు మీదే ఉంది.

లాయరు గనహా గారు చిన్న పిల్ల. మా పెళ్లినాటికి పుట్టి ఉండదు. మా ఆయన సెయితోకు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. హోటళ్ల దుప్పట్లు ఉతికే మా లాండ్రీ గురించీ, కరోనా జబ్బు కాలంలో హోటళ్లు ఖాళీ అయిపోవడం గురించీ, మిషన్ల కోసం చేసిన అప్పు గురించీ, ఆ కిస్తీలు కట్టడానికి కార్డుల మీద తీసిన డబ్బు గురించీ నేనే చెప్పాను. జాబితా కూడా ఇచ్చాను. ఇంటి అప్పు వేరుగా, తక్కినవి తేదీల వారీగా. తక్కినవన్నీ కలిపి అరవై రెండు లక్షల యెన్‌లు.

"ఇంత శుభ్రమైన జాబితా ఇంతవరకూ నా దగ్గరికి ఎవరూ తేలేదండీ," అంది ఆ అమ్మాయి. సంతోషం వేసింది. దేనికి సంతోషపడుతున్నానో తలుచుకుంటే ఒళ్లు చల్లబడింది.

దారులు మూడట. ఒకటి, అప్పులవాళ్లతో మాట్లాడుకుని వడ్డీ మాన్పించుకుని అసలు కట్టడం. మా సంపాదనకు అది కుదరదని ఆవిడే కొట్టేసింది. రెండోది, కోర్టు ద్వారా అప్పు తగ్గించుకుని కిస్తీలు కట్టడం. అందులో ఇల్లు నిలుస్తుంది. మూడోది దివాలా. ఆ మాట అన్నప్పుడు ఆవిడ గొంతు ఏమీ మారలేదు. అందుకే నాకు భయం వేసింది.

లేచేముందు అడిగింది. "మొఆయి ఏదైనా వేస్తున్నారా?"

"వేస్తున్నాను. పదిమంది స్నేహితులం. నెలకొకసారి కలిసి భోంచేస్తాం."

"మీ వంతు ఎత్తుకున్నారా?"

"ఇంకా లేదు," అన్నాను.

సెయితోకు నా వైపు చూశాడు. డిసెంబరులో నేనెత్తిన నా వంతు డబ్బు మిషన్ల కిస్తీకి పట్టుకెళ్లింది ఆయనే.

మొఆయి అప్పు కాదు. చీటీలాగా నెలనెలా అందరం వేస్తాం, నెలకొకరం ఆ మొత్తం ఎత్తుకుంటాం. మా అమ్మ వేసింది, అమ్మమ్మ వేసింది. దాన్ని అప్పు అంటే అప్పు అనే మాటకే అర్థం ఉండదు.

ఫిబ్రవరి 14, మంగళవారం

మా కేసు ఆవిడకే అప్పగించాం. లాయరు అప్పులవాళ్లందరికీ ఉత్తరాలు పంపింది, ఇక తనతోనే మాట్లాడమని. పొద్దుటినుంచి ఫోను మోగలేదు. పనిచేస్తోందా లేదా అని రెండుసార్లు ఎత్తి చూశాను.

ఫిబ్రవరి 25, శనివారం

కిటికీలు తుడవడం. ఉతుకు రెండు విడతలు. ఆయనకు సాయంత్రం అన్నం మూతపెట్టి వెళ్లాను.

తోషి అక్క హోటల్లో మొఆయి. బళ్లో మాకంటే ఒక ఏడాది ముందుండేది. పెట్టిందీ తనే, పుస్తకం పట్టేదీ తనే. ఎవరైనా ఎగ్గొడితే చేతినుంచి పెట్టుకోవాల్సిందీ తనే.

రద్దు చేసిన ఇన్సూరెన్సు డబ్బు సోమవారం వచ్చింది. జూలై దాకా నేను వెయ్యాల్సింది మొత్తం, నెలకు ఇరవై వేల చొప్పున లక్షా ఇరవై వేలు, ఒకేసారి కవరులో పెట్టి ఇచ్చాను.

"ఏమే సుమీ, లాటరీ తగిలిందా?" అంది తోషి అక్క.

"ఇన్సూరెన్సు వచ్చింది. చేతిలో ఉంటే ఖర్చయిపోతుందని."

"ఉంచుకోవే. ఎవరు తరుముతున్నారు నిన్ను?"

"తీసుకో అక్కా."

"ఎవడో దొరికుంటాడు దీనికి, పారిపోవడానికి ముందు లెక్కలు తేల్చేస్తోంది," అంది హత్సుయె. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. పంది పక్కటెముకల పులుసు రెండుసార్లు వేయించుకున్నాను.

ఇప్పుడు లాయరుతో నేను చెప్పిన మాట అబద్ధం కాదు. మొఆయికి నేను ఇవ్వవలసింది ఏమీ లేదు.

మార్చి 7, మంగళవారం

పనులేవీ రాయను.

గనహా గారు బ్యాంకు పుస్తకం ముందు పెట్టుకుని ఒక్క గీత మీద వేలు ఆనించింది. "ఈ లక్షా ఇరవై వేలు ఎక్కడికి వెళ్లాయి?"

చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మొదట నాకు అబద్ధం చెప్పినట్టే కోర్టుకు కూడా చెప్తే అప్పుల మాఫీ ఇవ్వరు, తెరుకినా గారూ."

"అది అప్పు కాదండీ. మొఆయి."

"మా అమ్మ కూడా అలాగే అంటుంది. కానీ ఎత్తుకున్నాక మీరు వెయ్యాల్సింది అప్పే. అందరికీ ఆపేసి ఒక్కరికి మాత్రం ఇచ్చారు. కోర్టు దగ్గర అది పెద్ద తప్పు."

దివాలా అయితే కోర్టు ఇంకో లాయరును వేస్తుందట. ఆయన ఆ డబ్బు తోషి అక్క దగ్గరనుంచి వెనక్కి అడుగుతాడట. ఉత్తరం రాసి. ఇవ్వకపోతే దావా వేసి.

"ఆవిడ ఏం తప్పు చేసిందని?"

"ఏమీ చెయ్యలేదు."

"కిస్తీల దారి అయితే?"

"ఆ దారిలో మీ స్నేహితురాలి జోలికి ఎవరూ వెళ్లరు. ఆ మొత్తం మీ ఆస్తి లెక్కలో కలుపుతారు, అంతే. ఇల్లు కూడా ఉంటుంది. కానీ ఇంటి అప్పు యథాతథంగా కట్టాలి, తక్కినదాంట్లో అయిదో వంతు మూడేళ్లపాటు నెలనెలా కట్టాలి. ఒక్క నెల తప్పినా మొదటికొస్తుంది. కట్టగలరేమో లెక్క వేసుకుని రండి."

లెక్క వెయ్యడం నాకు వచ్చు. కిస్తీల దారే.

మార్చి 8

సరిపోలేదు.

మార్చి 9

సరిపోలేదు. తక్కువ పడుతున్నది పెద్ద మొత్తమేమీ కాదు.

మార్చి 13, సోమవారం

ఉతుకు ఒక విడత. రేడియో కట్టేసి లెక్క.

గ్యాస్ తగ్గించాను. స్నానం రోజు విడిచి రోజు. వార్తాపత్రిక మానేశాం. బియ్యం బదులు వారానికి మూడు పూటలు సోమెన్ సేమ్యా. చెప్పులు, చొక్కాలు ఈ మూడేళ్లూ కొనక్కర్లేదు. నీళ్ల హీటరు పాతదే, అయినా పాడవ్వాలని ఏముంది. ఎవరికీ జబ్బు చెయ్యదు.

సరిపోయింది.

కాగితం బల్ల మీదే ఉంచి పడుకున్నాను, ఆయన చూడాలని.

మార్చి 20, సోమవారం

భోజనం డబ్బాలు కట్టే కొట్లో పని దొరికింది. ఉదయం అయిదింటినుంచి పది వరకూ. వేయించిన చేప మీద నిమ్మముక్క పెట్టడం నా పని. ముక్క రెండుసార్లు జారిపోతే పక్కనామె, "కొత్తలో అంతే వదినా, చలి," అంది. చలి కాదు.

మార్చి 25, శనివారం

మొఆయికి వెళ్లలేదు. జలుబని చెప్పాను. హత్సుయె వంతు ఇవాళ. నేనిచ్చిన డబ్బులోనిదే ఆమె చేతికి వెళ్లి ఉంటుంది. ఇంకెవరూ దాన్ని వెనక్కి లాగలేరు. కిస్తీల దారే కదా.

ఏప్రిల్ 9, ఆదివారం

పెద్దల సమాధి పండగ. నాలుగు పొరల డబ్బా నిండా వంట. పంది మాంసం, కొంబు నాచు ముడులు, చేపల గారెలు. ఇవన్నీ లెక్కలో లేవు. కానీ సమాధి దగ్గరికి పెద్దకోడలు ఖాళీ చేతులతో ఎలా వెళ్తుంది?

సమాధి ముందు చాప పరిచి అందరం భోంచేశాం. మరిది సెయికో కల్లు సీసా మూత తీస్తూ, "అన్నయ్యా, ఇల్లు ఎలా ఉంది?" అన్నాడు.

"ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉంది," అన్నాడు మా ఆయన. అందరూ నవ్వారు. నేను కొంబు ముడులు అందరికీ మళ్లీ వడ్డించాను.

తిరిగి వచ్చేటప్పుడు నీళ్ల డబ్బా మోస్తూ ఆయన మెట్ల మీద కూర్చుండిపోయాడు. ముఖం బూడిదరంగు. ఎండ అన్నాడు. ఎండేలే.

ఏప్రిల్ 18, మంగళవారం

బడ్జెట్ కాగితం లాయరుకు ఇచ్చాను. పై నుంచి కింది దాకా నెమ్మదిగా చదివింది.

"మీ ఆయన రక్తపోటు మందులు ఎక్కడున్నాయండీ?"

"వేరే పద్దులో ఉంటాయి."

"ఏ పద్దులో?"

వేరే పద్దు లేదు. లెక్క సరిపోయిన రోజున తీసేశాను. తీసేస్తున్నప్పుడు, తర్వాత ఎక్కడైనా సర్దుదాం అనుకున్నాను. అనుకున్నానని అనుకుంటున్నాను.

ఇంటికొచ్చి మందుల డబ్బా తెరిచాను. మాత్రలన్నీ సగానికి విరిచి ఉన్నాయి. చక్కగా, కత్తితో. నెలరోజుల మందు రెండు నెలలకు వచ్చేట్టు.

ఆయన పని నుంచి వచ్చేసరికి డబ్బా బల్ల మీద తెరిచే ఉంచాను.

"ఎప్పటినుంచి?"

"నీ కాగితం చూసినప్పటినుంచి." చెప్పులు విప్పుతూ అన్నాడు. "నీ లెక్క ఎప్పుడూ తప్పదుగా. నేనే తప్పుతున్నానేమో అనుకున్నాను."

"చచ్చిపోతే?"

"సగమే కదా."

నవ్వించాలని అన్నాడు. నేను డబ్బా ఎత్తి గోడకేసి కొట్టాను. పెళ్లయ్యాక ఇంట్లో ఒక వస్తువు విసరడం ఇదే మొదటిసారి. తర్వాత ఇద్దరం నేల మీద కూర్చుని సగం మాత్రలన్నీ ఏరాం. ఏరుతూ ఆయన అన్నాడు, "సుమియె, ఇల్లు పోనీ. పెద్దల పలకలు సెయికో ఇంట్లో పెడదాం. నాన్న ఏమీ అనడు. అన్నా ఇప్పుడు ఎవరికి వినబడుతుంది."

ఇంటి సంగతి కాదు. ఇంటి సంగతైతే నేను ఎప్పుడో ఒప్పుకునేదాన్ని. తోషి అక్కకు ఉత్తరం వెళ్తుంది.

ఏప్రిల్ 19

దివాలా. గనహా గారికి ఫోన్ చేసి చెప్పాను.

ఏప్రిల్ 20

తోషి అక్క దగ్గరికి వెళ్లలేదు. వర్షం.

ఏప్రిల్ 21

వెళ్లలేదు. వర్షం లేదు.

ఏప్రిల్ 24, సోమవారం

పని. ఉతుకు. బస్సు.

భోజనాల వేళ కాకముందే వెళ్లాను. తోషి అక్క వెనక గుమ్మంలో బకెట్ బోర్లించుకుని కూర్చుని, మొలకల తోకలు తుంచుతోంది.

"జలుబు తగ్గిందా? నెలరోజుల జలుబా అది?"

"అక్కా, ఒక మాట చెప్పాలి."

"డబ్బైతే లేదు. మాటైతే చెప్పు."

ఎదురుగా కూర్చుని నేను కూడా మొలకలు తీసుకున్నాను. చేతులకు పని ఉంటే చెప్పగలనేమో అని. బస్సులో అనుకున్న వరుస అంతా తప్పింది. దివాలా ముందు చెప్పాను, లాండ్రీ తర్వాత, చివరికి లక్షా ఇరవై వేలు.

తోషి అక్క చెయ్యి ఆగింది.

"ఉండు. నువ్వు నాకిచ్చిన డబ్బు నేను వెనక్కి ఇవ్వాలి."

"అవును."

"నీకు కాదు."

"నాకు కాదు. కోర్టు లాయరుకు. ఆయన అందరికీ పంచుతాడట. బ్యాంకుకు, కార్డు కంపెనీలకు."

"వాళ్లెవరైనా నా హోటల్లో ఒక్క గిన్నె సోబా తిన్నారా?"

నేను ఇంకో గుప్పెడు మొలకలు తీసుకున్నాను.

"ఆ డబ్బు నా దగ్గర కూర్చునుందనుకున్నావా? మార్చిది హత్సుయె తీసుకెళ్లింది. రేపు ఇంకొకామె. అంటే నా గల్లాలోంచి తీసి కట్టాలి."

"నేను తర్వాత..."

"తర్వాత సంగతి చెప్పకు. ఆ రోజు నేను అడిగాను నిన్ను, లాటరీ తగిలిందా అని. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సందు ఎక్కడ దొరుకుతుందే నీకు? అంతమంది ముందు పులుసు రెండుసార్లు వేయించుకున్నావు."

"భయం వేసింది అక్కా."

"నాకు భయం వెయ్యదా? అద్దె కట్టే హోటలు ఇది." బుట్ట నా వైపు జరిపింది. తర్వాత, "ఆ మొలకలు నలిపేస్తున్నావు. తోకలు మాత్రం తుంచు," అంది.

బుట్ట నిండేదాకా తుంచాను. లేచేసరికి ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. ఎప్పుడు వెళ్లినా "మళ్లీ రా" అంటుంది. ఇవాళ అనలేదు. కాసేపు అక్కడే నిలబడ్డాను, అంటుందేమో అని.

జూన్ 13, మంగళవారం

కోర్టు దివాలా మొదలుపెట్టింది. ప్రభుత్వ గెజిట్‌లో మా పేర్లు, అడ్రసు పడతాయట. "అది ఎవరూ చదవరండీ," అంది గనహా గారు. డబ్బాల కొట్లో పక్కనామె ఇవాళ నన్ను రెండుసార్లు చూసింది.

జూన్ 29, గురువారం

కోర్టు లాయరు తోషి అక్కకు ఉత్తరం పంపాడని తెలిసింది. ఇప్పుడు అక్కడ పోస్టు బండి ఆగి ఉంటుంది. నిమ్మముక్కలు పెట్టాల్సిన చోట రెండు డబ్బాలకు మర్చిపోయాను.

జూలై 11, మంగళవారం

ఆవిడ మొత్తం కట్టేసిందట. ఒక్క మాట అడగకుండా, ఒకేసారి. గనహా గారు మంచి వార్తలా చెప్పింది.

జూలై 25

ఇవాళ మొఆయి ఆఖరి వంతు. తొమ్మిదిమంది కలుసుకుని ఉంటారు. నా సంగతి మాట్లాడుకుని ఉంటారు. మాట్లాడుకోకపోతే అది ఇంకా భయం.

ఆగస్టు 20, ఆదివారం

ఇల్లు ఖాళీ చేశాం. ప్రభుత్వ వాటాల ఇంట్లో మూడో అంతస్తు. పెద్దల పండగకు ముందే కావాలని సెయికో వచ్చి పేరు పలకలు తెల్లగుడ్డలో చుట్టి తీసుకెళ్లాడు. మా ఆయన కారు వెళ్లిన వైపు చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.

పొయ్యి దేవుడు మాత్రం ఇల్లాలి వెంటే వస్తాడు. అగరుబత్తుల బూడిద చిటికెడు పొట్లం కట్టి, చేతిలో పట్టుకుని బస్సులో తెచ్చాను. కొత్త పొయ్యి పక్కన ఉప్పు, నీళ్లు పెట్టి కొత్త అడ్రసు చెప్పాను. మామూలుగా ఇంటి కబుర్లన్నీ చెప్తాను. తోషి అక్క పేరు దగ్గరకొచ్చేసరికి ఆగిపోయాను. దేవుడికి తెలియదనుకుని కాదు.

అక్టోబరు 17, మంగళవారం

పని. ఉతుకు ఒక విడత. ఆయన మందులు తెచ్చాను, నిండు మాత్రలు.

మాఫీ కాగితం వచ్చింది. మొఆయి సంగతి దాచకుండా మొత్తం రాసి ఇవ్వబట్టి కోర్టు హెచ్చరించి ఒప్పుకుందట.

"అయితే తోషికో గారికి కూడా నేనేమీ ఇవ్వక్కర్లేదా?" అని అడిగాను.

"చట్టం ప్రకారం ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. ఆవిడది కూడా మాఫీలోనే పోయింది. ఎవరూ అడగలేరు."

"ఇస్తే?"

ఆ అమ్మాయి కళ్లజోడు తీసింది. "ఇక మీ ఇష్టంతో ఇస్తే ఎవరూ ఆపలేరు."

మధ్యాహ్నం కింద పోస్టు బండి ఆగింది. ఉతికిన దుప్పటి చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాను. పై వాటావాళ్లకట. ఈ భయానికి మాఫీ కాగితం ఇంకా అందినట్టు లేదు.

నవంబరు 25, శనివారం

మధ్యాహ్నం వెళ్లాను. వెనక గుమ్మంలో నిలబడి కవరు ఇచ్చాను. ఇరవై వేలు, జీతంలోంచి.

"ఏంటిది?"

"నవంబరుది."

"కోర్టు కొట్టేసిందిగా."

"కోర్టుది కోర్టు కొట్టేసింది."

తోషి అక్క నా ముఖం చూడలేదు. కవరు విప్పకుండా గల్లాలో పడేసింది. "భోజనాల వేళ," అంది. అంతే.

డిసెంబరు 25

ఇచ్చాను. అంతే.

జనవరి 25

ఇచ్చాను. "మీ ఆయన ఎలా ఉన్నాడు?" అంది. బాగున్నాడన్నాను.

ఫిబ్రవరి 25, ఆదివారం

ఇచ్చాను. హోటలు మూసి ఉంది. గుమ్మంలో మొలకల బుట్ట పెట్టుకుని కూర్చుంది. తోకలు తుంచుతూ ఏడాది కిందటి ఇదే తేదీ గుర్తొచ్చింది. ఆవిడకు కూడా వచ్చి ఉంటుంది. బుట్ట నిండేదాకా తుంచాం.

మార్చి 25

పాత ఇంటినుంచి తెచ్చుకున్న నీళ్ల హీటరు పాడయింది. బాగుచేయించడానికి ఇస్తే తోషి అక్కకు చాలవు. చన్నీళ్లు పోసుకుంటున్నాం. మా ఆయన స్నానాల గదిలోంచి పెద్దగా పాట పాడుతున్నాడు, నాకు వినబడాలని. ఇచ్చాను.

ఏప్రిల్ 25, గురువారం

పొయ్యి దేవుడికి నీళ్లు, ఉప్పు. పని. ఉతుకు ఒక విడత. కిటికీలు తుడవడం. కాకరకాయ వేపుడు ఆయనకు మూతపెట్టాను.

తోషి అక్క ఈసారి కవరు విప్పింది. నా ఎదుటే నోట్లు లెక్కపెట్టింది. తర్వాత గల్లాలోంచి పాత కవర్లు అయిదూ తీసి బల్ల మీద పరిచింది. ఒక్కటీ విప్పలేదు.

"ఖర్చు పెట్టలేదా అక్కా?"

"పెడదామనే చూశాను. నువ్వు మధ్యలో ఆపేస్తే నీ మొహాన కొట్టాలని దాచాను." కవర్లన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి రబ్బరు వేసింది. "వచ్చే నెలనుంచి కొత్త మొఆయి. తొమ్మిదిమందే తేలాం."

"వద్దక్కా. నాకు అప్పు ఎవరూ ఇవ్వకూడదు. నా పేరు ఎక్కడా నిలబడదు."

"నీకు అప్పు ఇస్తామని ఎవరన్నారే? నీది ఆఖరి వంతు. తొమ్మిది నెలలు మాకందరికీ నువ్వే అప్పు పెడతావు. పదో నెల మేం నీకు ఇస్తాం. పారిపోతామేమోనని భయమైతే ఇప్పుడే చెప్పు, హత్సుయె వాళ్ల చెల్లెల్ని అడుగుతాను."

"హత్సుయె ఏమంది?"

"నువ్వు పులుసు మూడుసార్లు వేయించుకుంటావేమోనని దాని భయం."

మే ఇరవై ఐదుకు మొదటి ఇరవై వేలు అన్నాను. గుమ్మం దాకా వచ్చింది. "మళ్లీ రా," అంది, బల్ల తుడుస్తున్న గుడ్డ చేతిలోనే ఉంది.

బస్సులో కూర్చున్నాక భయం వేసింది. తొమ్మిది నెలలు నా డబ్బు తొమ్మిదిమంది చేతుల్లో ఉంటుంది. ఎవరికైనా ఏదైనా అయితే? ఎవరైనా ఇవ్వకపోతే? కొంతదూరం పోయాక తెలిసింది, ఇది నాకు అలవాటైన భయం కాదు. అప్పు ఇచ్చినవాళ్లకు వేసే భయం ఇది. అప్పట్లో మాకు ఫోన్లు చేసినవాళ్లందరికీ ఇలాగే వేసి ఉంటుందా? దీన్ని ఒళ్లో పెట్టుకుని ఇంటిదాకా వచ్చాను.

రాగానే పొయ్యి దేవుడి దగ్గర అగరుబత్తి వెలిగించి తోషి అక్క పేరు చెప్పాను.

తోషి అక్కకు ఇవ్వవలసింది, లక్షా ఇరవై వేల యెన్‌లు. చెల్లు.